వార్డెనమ్మ చదివిన కాగితం

నా చిన్నప్పుడు ఉప్పల్ దారిలో ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్ ఉండేది. దాని గేటు దగ్గర మా పెద్దమ్మ ఆయా. చుట్టూ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని కాలంలో పదిమంది పిల్లలతో ఆ హాస్టల్ తెరిచిన రోజు నుంచీ గేటు ఆమెదే. వెనకాల రేకుల గదిలో నేను ఆమె దగ్గరే పెరిగాను. ఏటా హాస్టల్ డే నాడు పెద్దలు వచ్చి, ఆడపిల్లకు అక్షరమే దీపమని మైకులో చెప్పేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బయటికి పోయిన పిల్లలు సాయంత్రం ఆరులోపు వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. మా పెద్దమ్మకు చదువు రాదని వాళ్లకు తెలుసు. సినిమా తారల పేర్లు రాసి నవ్వుకునేవారు, ఒకరి సంతకం ఇంకొకరు పెట్టేవారు. పెద్దమ్మ మాత్రం ముఖాలు గుర్తుపెట్టుకునేది. ఒక సాయంత్రం పై అంతస్తు పిల్ల ఒకతె రాలేదని వార్డెనమ్మకు చెప్పింది. సంతకం ఉంది కదా, నీకు కళ్లు లేవా అని ఆమె కసిరి పంపేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తండ్రి వచ్చాడు. గదిలో పిల్ల లేదు. ఎవరి పెళ్లికో పోయిన ఆ పిల్ల మధ్యాహ్నానికి తిరిగొచ్చింది గానీ, అప్పటికే తండ్రి ప్రిన్సిపాల్ దాకా పోయాడు. దొంగ సంతకం పెట్టిన స్నేహితురాలు నోరు విప్పలేదు.

వార్డెనమ్మ మా పెద్దమ్మను పిలిచి, ఎన్నడూ లేనిది కూర్చోమంది. వెంట పోయిన నాకు బిస్కెట్టు ఇచ్చింది. ఒక కాగితం తీసి మెత్తగా చదివింది: ఈసారికి మన్నించండి, ఇకమీద జాగ్రత్తగా ఉంటాను అని. వేలిముద్ర వేస్తే చాలంది. ఆ మెత్తదనానికి నేను పడిపోయాను. ఇంకు డబ్బా మూత నేనే తీసి పెద్దమ్మ ముందు పెట్టాను.

పెద్దమ్మ కాగితం పట్టుకుని లేచింది. వరండాలో తల ఆరబెట్టుకుంటున్న ఒక పిల్ల దగ్గరికి పోయి, లోపల సంగతేమీ చెప్పకుండా అడిగింది.

"బిడ్డా, గిది జర సదువు. ఉన్నదున్నట్టు సదువు."

ఆ పిల్ల గడగడా మొదలుపెట్టి మధ్యలో ఆగింది. వార్డెనమ్మ వెనకే వచ్చి నిలబడింది. పిల్ల ఆమెను చూసింది, మా పెద్దమ్మను చూసింది, చివరిదాకా చదివింది. పెళ్లికి పోయిన పిల్లను తెలిసే బయటికి పంపానని, తప్పంతా నాదేనని, నా ఇష్టంతోనే పని మానేస్తున్నానని ఉంది అందులో.

"నీకు సదువొస్తదమ్మా, నాకు రాదు. అందుకనే ఒక్కరి నోట ఇని నమ్మను," అంది పెద్దమ్మ. "వేలు నాది. వెయ్యను."

పని పోలేదు. గేటు నుంచి తీసేసి గిన్నెలు తోమడానికి వేశారు. దొంగ సంతకం పిల్లకు ఆ ఏడు హాస్టల్ డేలో మంచి నడవడికకు బహుమతి ఇచ్చారు. ఆ బిస్కెట్టు తిన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

చాలా ఏళ్ల తర్వాత నాచారం ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నా పెనిమిటి చనిపోయినప్పుడు, ఫ్యాక్టరీ తరఫున ఇలాగే మెత్తటి మనిషి ఒకడు కాగితం తెచ్చి చదివి, వేలు పెట్టమన్నాడు. పక్క వీధి టీచరమ్మతో మళ్లీ చదివించాను. తాగి పనిలోకి వచ్చాడని ఉంది. కల్లు కూడా ముట్టని మనిషి మీద. వాడి ముందే చింపి పారేశాను.

నాకు అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు. దానికి నాకు సిగ్గు లేదు. చదువును అట్లా వాడినవాళ్లకు ఉండాలి సిగ్గు. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది నా మనవరాలు. అదంటే నాకు ప్రాణం. అయినా సరే, మూతి ముడుచుకున్నా సరే, రేపు ఈ కాగితాన్ని కింది ఇంటి కోడలితో ఒకసారి చదివించుకుని వింటాను.