సిటీకి రాని మానుకోట పేజీ

మా తమ్ముడు ఐలయ్యకు మాట రాదు. పెళ్లికని మాతో సిటీకి వచ్చి, సికింద్రాబాద్ స్టేషన్ జనంలో తప్పిపోయాడు. పోలీసులకు చెప్పాం. ఊరికొచ్చి మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, పేపర్‌కు ప్రకటన ఇచ్చాను. ఫొటో బాగానే పడింది. గూడూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒకటే ఫోన్లు, "దొరికిండా?" అని. సిటీ నుంచి మాత్రం ఒక్కటీ లేదు. ఇక ఇంట్లో ఉండలేక పొద్దున ఆరున్నర బండికి జనరల్ టికెట్ తీసుకున్నాను.

కాజీపేటలో ఇడ్లీ కొని, పొట్లం విప్పకుండానే సంచిలో పెట్టాను. జనగామలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు పేపర్‌కు వార్తలు రాసేవాడట. జేబులోని ప్రకటన తీసి చూపించాను.

"గిది మానుకోట పేజీ తమ్మీ. ఏ జిల్లా పేజీ ఆ జిల్లాకే. సిటీల గీ ఫొటో ఎవ్వలు జూడలే."

తమ్ముడు తప్పిపోయాడని తెలిసినవాళ్లకే మళ్లీ తెలియజేశానన్నమాట! నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

"మా కాలంల గిట్ల లేకుండె," అన్నాడాయన. "పేపర్లు నారాయణగూడ గల్లీలల్ల అచ్చయ్యేటియి. వార్త కవర్ల బెట్టి బస్సు డ్రైవర్‌కిస్తే ఆడికి పోయేది. మొగుళ్లపల్లిల ఎద్దు పోయినా పట్నపోళ్లు సుత చదివేటోళ్లు."

పదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాం. ఆయన తన పని మానుకొని నాతోపాటు సిటీ బస్సెక్కాడు. నారాయణగూడలో ప్రెస్సులున్న చోట కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. "మిషన్ నడిస్తే గీ నేలంత అదురుతుండె," అని నిలబడి చూపించాడు. ఇంకోసారైతే ఆసక్తిగా వినేవాణ్ని. తప్పిపోయిన రోజు తమ్ముడు నీలం చొక్కా వేసుకున్నాడు; నేను ఫుట్‌పాత్ మీద ప్రతి నీలం చొక్కానూ చూస్తున్నాను.

ఒక మేడ మీద ప్రకటనలు తీసుకునే కౌంటర్ ఇంకా ఉంది. అక్కడి అమ్మాయి ఫొటో తీసుకొని, "రేపు సిటీ ఎడిషన్ల వస్తదన్నా," అంది.

"మా మానుకోటకు వస్తదా?"

"రాదన్నా."

ఇలాంటి కష్టం వచ్చినవాళ్లకు చెబుతున్నాను: మనిషి ఎక్కడ తప్పిపోతే అక్కడి పేజీలోనే వేయించండి. ఆ గల్లీలో పేపర్లున్న రోజుల్లో ఈ మాట చెప్పే అవసరమే ఉండేది కాదు.

సాయంత్రం బండిలో నిలబడే వచ్చాం. జనగామలో దిగుతూ పెద్దాయన నా భుజం తట్టి, "పరేషాన్ గాకు తమ్మీ, దొరుకుతడు," అన్నాడు.

బండి కదలగానే అమ్మ ఫోన్ చేసింది.

"అవ్వా, పెట్టెయ్. ఎవలన్న జేస్తరేమో," అని కట్ చేశాను. ప్రకటన వచ్చేది మాత్రం రేపు పొద్దున.