సంతకం లేని ఉత్తరం

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడి తగిలితే నాకిప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. నిన్న కాలేజీలో ప్రశ్నపత్రాలు తీయిస్తుంటే మళ్లీ అదే అయింది. రజియా మేడమ్ గుర్తొచ్చారు.

ఎం.ఏ. తెలుగులో మాకు సాహిత్య విమర్శ చెప్పింది ఆవిడే. బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. స్త్రీవాదమైనా, మార్క్సిజమైనా, వినిర్మాణమైనా, పాఠం మొదలయ్యేది రచయిత పేరు కొట్టేసిన ఓ పేజీతోనే. "పేరు జూస్తే మొక్కుతరు, లేకుంటే తిడ్తరు. ముందు రాతను జూడుండ్రి. అండ్ల ఎవ్వల్ని మాట్లాడనిస్తలేరో జూడుండ్రి" అనేవారు. అనుమానించడం నాకు కొత్తగా నేర్పనక్కర్లేదు. మాది వర్ని దగ్గర కాలువ చివరి ఊరు. నీళ్లు రాకపోతే పైవాళ్లే తూము తిప్పుకున్నారన్న మాట వింటూ పెరిగినవాణ్ణి.

రాష్ట్రస్థాయి సదస్సులో పత్రం చదవడానికి మా తరగతి నుంచి ఒకరికే అవకాశం. నాకే అనుకున్నాను. మేడమ్ మాత్రం మా తరగతిలోని నస్రీన్‌ను పంపారు. ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు కదా, అక్కడే కుదిరి ఉంటుందనుకున్నాను. అక్కసు పట్టలేకపోయాను. మేడమ్ తనవాళ్లనే పైకి తెస్తున్నారని ఒక ఉత్తరం డీటీపీ షాపులో కొట్టించి, పేరు లేకుండా శాఖాధిపతికి పంపాను. "తనవాళ్లు" అన్న మాట ఎక్కడ తగులుతుందో తెలిసే రాశాను.

వారం తర్వాత మేడమ్ అందరికీ తలా ఒక జిరాక్స్ కాగితం పంచారు. నా ఉత్తరమే, శాఖాధిపతి ఆవిడ చేతికే ఇచ్చినట్టున్నారు. తన పేరు, నస్రీన్ పేరు వైట్‌నర్‌తో చెరిపేశారు. కాగితం ఇంకా వేడిగానే ఉంది.

"దీనికి గూడ రాసినోళ్ల పేరు లేదు. చదివి చెప్పుండ్రి" అన్నారు, మామూలు పాఠంలాగే.

గంగామణి లేచింది. "'చివరి మడికి చుక్క రానియ్యరు' అని రాసిండు మేడమ్. కాల్వ కిందోడే. 'తనవాళ్లు' అన్నడు గని, ఏ లెక్కన తనవాళ్లో చెప్పే ధైర్యం లేదు."

కాలువ కింది ఊళ్ల వాళ్లం తరగతిలో ఆరుగురం ఉన్నాం. మేడమ్ నావైపు తిరిగారు. "నువ్వు జెప్పు."

దొరికిపోతానన్న భయంతో, "రాసినోడు ఉత్త దగుల్బాజీ మేడమ్" అన్నాను.

"గంత మాట అనకు. ఏదో దక్కలేదని కడుపుల మంటతోని రాసిండు. అనుమానపడుడు తప్పు గాదు. గని అందర్ని అనుమానించిండు, తనను తప్ప."

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. నస్రీన్ తలెత్తలేదు. ఆమె వ్యాసం నాదానికంటే బాగుందని నాకు అప్పటికే తెలుసు.

రెండేళ్ల తర్వాత ఉద్యోగానికి సిఫారసు పత్రం కావాల్సి వచ్చి బోధన్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఒప్పుకుందామనే వెళ్లాను. "మేడమ్, అప్పటి ఆ ఉత్తరం..." అన్నానో లేదో, "చాయ్ సల్లారుతుంది బేటా, తాగు" అన్నారు. పత్రంలో ఇలా రాశారు: "ఏ అభిప్రాయమైనా తన పేరుతో చెప్పగల విద్యార్థి."

ఉద్యోగం వచ్చింది. ఆ వాక్యం ఎత్తిపొడుపో, దీవెనో, ఏమీ తెలియక రాసిన మంచిమాటో ఇప్పటికీ తేల్చుకోలేను. మేడమ్ ఇప్పుడు లేరు, అడగడానికి లేదు. అది అబద్ధమని మాత్రం నాకు తెలుసు. దాన్ని నిజం చేయడానికే ఇదంతా రాసి, కింద నా పేరు పెడుతున్నాను. నస్రీన్ చదువుతుందేమోనని సిగ్గుగా ఉంది. చదవాలనీ ఉంది.