నెమ్మదమ్మ కట్టిన కట్టు

మా పక్కింటి నర్సు మానసిక రోగుల ఆసుపత్రిలో పని చేస్తుంది. ఎవరు కేకలేసినా, ఎవరు కుర్చీ ఎత్తినా "నెమ్మది, నెమ్మది" అంటూ వెళ్ళి పక్కన కూర్చుంటుందట. అందుకని వార్డులో ఆమెకు నెమ్మదమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఈ సంగతి ఆమె చెప్పలేదు. వాళ్ళ వార్డు వంటమనిషి దగ్గర నేనే కూపీ లాగాను.

ఒక సాయంత్రం ఆమె గేటు తీసిన చప్పుడులోనే ఏదో తేడా కనిపెట్టాను. ఖాళీ గిన్నె పట్టుకుని పంచదార వంకతో వెళ్ళాను.

"ఏమైందే అమ్మాయ్? మొహం అలా వేలాడేశావ్?"

"పరీక్ష పెడుతున్నారు పిన్నీ. రోగిని కట్టడం గురించి మాకెంత తెలుసో, ఎలా కడుతున్నామో చూసి మార్కులు వేస్తారట. తగ్గితే వార్డు నుంచి తీసి చీటీల కౌంటర్లో పడేస్తారు."

"కూర్చునే ఉద్యోగమేగా! హాయి కదటే?"

"అద్దం వెనకాల కూర్చుని నంబర్లు పిలవడం హాయా? నా వాళ్ళంతా వార్డులో ఉంటే!" అని కళ్ళొత్తుకుంది.

అసలు చిక్కేమిటంటే, మాటలతోనే అందరినీ దారికి తెచ్చుకునే ఈ పిల్ల ఏళ్ళుగా ఎవరినీ కట్టిన పాపాన పోలేదు. రోగి తనకో ఇంకొకరికో దెబ్బ తగిలించేలా ఉండి, ఇంకే దారీ లేనప్పుడే కట్టాలట. ముడి రోగి చేతికి అందకూడదు, నర్సు ఒక్క లాగు లాగితే ఊడిపోవాలి. ఆ ముడినే ఆమె వేళ్ళు మర్చిపోయాయి.

"నన్ను కట్టు," అన్నాను. ఎలా కడతారో నాకూ చూడాలని ఉంది మరి.

మా ఇంట్లో చేతుల కుర్చీలో కూర్చున్నాను. పాత దుప్పటి చింపి పట్టీలు చేసి, నా చేతులను కుర్చీ చేతులకు కట్టింది. మొదటి ముడి చూస్తుండగానే జారిపోయింది. ఆ తర్వాతది లాగితే ఇంకా బిగిసింది. చివరికి ఎలాగో కుదిరింది. ఇద్దరం మురిసిపోతుండగా ఆమె ఫోన్ మోగింది. వార్డులో ఒకాయన నెమ్మదమ్మ వస్తే గానీ మందు మింగనని భీష్మించుకు కూర్చున్నాడట. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తింది.

నన్ను మర్చిపోయింది!

సరిగ్గా అప్పుడే ఎదురింట్లో మొగుడూ పెళ్ళాల గొడవ మొదలైంది. కిటికీ దగ్గరికి పోకపోతే నా ప్రాణం ఆగేలా లేదు. కుర్చీతో సహా లేచి, నడుం వంచి, పీతలా పక్కకు నడిచాను. సగం దారిలో కుర్చీ కాలు చాపకు తట్టుకుంది. గోడకు ముక్కు ఆనించుకుని అక్కడే ఇరుక్కుపోయాను.

అలా ఉండగా మా కోడలు వచ్చింది. కిందా మీదా చూసింది.

"ఎవరి పని అత్తయ్యా ఇది?"

"నర్సమ్మాయిదే. ముందు విప్పవే!"

"విప్పుతాను గానీ, ఈ ముడేదో నాకూ నేర్పమనండి," అని తాపీగా టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది మహాతల్లి.

వీధి మలుపులో గుర్తొచ్చిందట, నర్సు రొప్పుకుంటూ తిరిగొచ్చింది. ఒక్క లాగులో విప్పి, నా మణికట్లు రుద్దుతూ ఒకటే ఏడుపు.

"కట్టిన మనిషిని ఒంటరిగా వదలకూడదు పిన్నీ. దాహమేసినా, ఊపిరాడకపోయినా ఎవరికి చెప్పుకుంటారు? నేనింక కౌంటరుకే పనికొస్తాను."

"నాకేం కాలేదులేవే. గొడవ సగమే వినబడింది, అదొక్కటే బాధ."

పరీక్షలో రోగులుగా నటించడానికి బయటివాళ్ళు కావాలన్నారు. నేను ఊరుకుంటానా? పరీక్ష పెట్టే డాక్టరు పడుచువాడు. కేకలు వేయమన్నాడు, వేశాను. రెండు గదుల అవతల నుంచి ఎవరో వచ్చి చూసి వెళ్ళారు. ఒక్కో నర్సూ వచ్చి నన్ను మంచానికి కట్టడం, ఆయన "ఇక మీరు వెళ్ళొచ్చు" అనడం, వాళ్ళు బతుకుజీవుడా అంటూ వెళ్ళిపోవడం, ఆయన నా కట్లు విప్పడం, ఇదే వరస.

నెమ్మదమ్మ వంతు వచ్చింది. ముందు నాతో మంచిగా మాట్లాడి చూసింది. నేను పాత్రలో ఉన్నాను కనుక లొంగలేదు. ఎందుకు కడుతోందో నాకు చెప్పి మరీ కట్టింది. ముడి కాస్త వంకర పోయింది.

"ఇక మీరు వెళ్ళొచ్చు."

ఆమె కదల్లేదు.

"పరీక్ష అయిపోయిందమ్మా."

"నాకు అయింది సార్. ఆవిడకి కాలేదుగా. కట్లన్నా విప్పాలి, ఎవరో ఒకరు దగ్గరన్నా కూర్చోవాలి."

"సరే, నేను కూర్చుంటా," అని డాక్టరు కుర్చీ లాక్కున్నాడు. అప్పుడు గానీ ఆమె గుమ్మం దాటలేదు.

తీరిగ్గా ఒక డాక్టరు నా పక్కన కూర్చోవడం ఇదే మొదలు.

"బాబూ, పెళ్ళయిందా? కాలేదా? ఎవరినన్నా చూసుకున్నావా? ఇంత చిన్న వయసులో ఆ జుట్టేమిటి, అలా పల్చబడింది? మీ నాన్నగారిదీ అంతేనా?"

ఆయన ముడి లాగిన వేగం చూడాల్సిందే. ఆ విప్పడం నా కోసం కాదని నాకిప్పటికీ అనుమానం.

నెమ్మదమ్మకు ముడి దగ్గర సగం మార్కులే పడ్డాయి. కానీ ఆ "వెళ్ళొచ్చు" అన్నదే అసలు ప్రశ్నట! చాలామంది అక్కడే బోర్లా పడ్డారు. పొమ్మన్నా పోనందుకు ఈమె గట్టెక్కింది, వార్డులోనే ఉంటుంది. ఇవాళ పొద్దున్నే జడలో పువ్వు పెట్టుకుని, ఈల వేసుకుంటూ డ్యూటీకి వెళ్ళింది.

కౌంటరుకు ఎవరిని వేశారో మాత్రం చెప్పనంది. బయటికి చెప్పే విషయం కాదట. సాయంత్రం ఇంటికి రానివ్వండి, కూపీ లాగి మీకూ చెప్తాను.