ఋణవృద్ధి కోసం ప్రార్థన

ఆ ఏళ్లలో మా బ్యాంకు పైవాళ్లు ఇనుము అన్న మాట వింటేనే ముఖం తిప్పుకునేవారు. రాష్ట్రం విడిపోయి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఇలా ఉండేది కాదు. ఇనుము ఫ్యాక్టరీ పెడతామని ఎవరొచ్చినా కూర్చోబెట్టి అప్పిచ్చేవాళ్లం. దేశమంతా అదే ఊపు. తర్వాత చాలా బాకీలు మొండికెత్తాయి. అప్పులు పెరగాలి గానీ ఫ్యాక్టరీలకు వద్దు, జీతగాళ్లకు, సొంత ఖర్చులకు ఇవ్వండి అని ఉత్తర్వులొచ్చాయి. లోన్ల విభాగంలో కూర్చుని అవి చదివి చదివి నాకు అలసట వచ్చేసింది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలోని ఒక తమ్ముడికి, ఫ్యాక్టరీలుండే భన్‌పురిలో చిన్న షెడ్డుంది. ఇనపరేకుతో కూలర్ల డబ్బాలు చేస్తాడు. ఎండలు ముదరకముందే రేకు కొనాలని లోన్ లిమిట్ పెంచమన్నాడు. నేను సిఫారసు రాసి పంపాను. శాఖలో మొత్తం అప్పులు పెరిగితే ఇలాంటి ఫైళ్లనూ దయగా చూస్తారని మేనేజరు అన్నారు.

అందుకే ఆదివారం ఆరాధనలో లేచి, ఋణవృద్ధి విషయమై ప్రార్థించమని విన్నవించుకున్నాను. బ్యాంకు ఇచ్చే అప్పులు పెరగడాన్ని ఋణవృద్ధి అనే హిందీ సర్క్యులర్లు రోజూ చదివే నోటికి ఆ మాటే వచ్చింది. మా సంఘంలో ఋణమంటే దేవుణ్ని క్షమించమని అడిగేది. రైల్వే గార్డు భార్య, పెద్దావిడ, చేతులెత్తింది.

“తండ్రీ, ఈ బిడ్డకి అప్పులు పెరిగిపోనాయట. అన్నీ కొట్టివెయ్యి. ఇంకెవరి గుమ్మమూ ఎక్కనీకు.”

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

బయటికొచ్చేసరికి ఆ తమ్ముడు నా స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఏటన్నా, మాకు చెప్పకుండా ఇంత కష్టం మోస్తున్నావా? రేకు కోసం దాచిన పైసలున్నాయి. రేపు తెచ్చిస్తా.”

అతణ్ని పక్కకు తీసుకెళ్లి అసలు సంగతి చెప్పాను. అతను పడీ పడీ నవ్వాడు. షెడ్డు పేరు మీద కష్టమే గానీ, అతని సొంత పేరున పర్సనల్ లోన్ అయితే వెంటనే వస్తుందని, వడ్డీ మాత్రం ఎక్కువని నేను చెప్పాక నవ్వు ఆపాడు.

“అంటే కూలర్ కొనుక్కోడానికి ఇస్తారు, కూలర్ చెయ్యడానికి ఇవ్వరు. భలే బ్యాంకన్నా మీది.”

మార్చి ముగిసేసరికి మా శాఖలో అప్పులు బాగానే పెరిగాయి. పెళ్లిళ్లకు, బైకులకు, బంగారం మీద. పైనుంచి అభినందనలూ వచ్చాయి. తమ్ముడి ఫైలు మాత్రం తిరిగొచ్చింది. ఫోన్లో చెప్పబుద్ధికాక భన్‌పురి వెళ్లాను.

నా ముఖం చూసే అతనికి అర్థమైపోయింది. దాచిన డబ్బుతో సగం రేకు తెచ్చానని, పనివాళ్లలో ఒకణ్ని మాన్పించానని చెప్పాడు. వచ్చే ఏడు మళ్లీ అడుగుదామన్నాడు. అడుగుదామన్నాను. దేవుడు ఆలస్యం చేసినా మరచిపోడని నా నమ్మకం. ఎందరికో వాక్యం చూపించి ఆ మాట చెప్పినవాణ్ని. ఆ సాయంత్రం అతనితో అనడానికి నాకు ఓపిక లేకపోయింది.

మాన్పించిన మనిషి లేక, అతను ఒక్కడే ఎత్తిన రేకు ఒక పక్కకు వాలిపోతోంది. అటు కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.