నూలు చుట్టిన హ్యాండిల్

"రేపు పొద్దుగాల పాత ఇనుము కొనే భంగారాయన వస్తడు. ఈ సైకిల్ తూకానికి ఇచ్చేస్తున్న. ఇగ నీ తిరుగుడు బంద్."

"ఇయ్యి బిడ్డా. నన్ను గూడ తక్కెట్ల కూసోబెట్టు. దానికన్న నేనే ఎక్కువ తూగుత."

"గదుమకు కుట్లు పడ్డంక గూడ పరాచికాలేనా? మెడ వంచొద్దని డాక్టర్ చెప్పలేదా?"

"మెడ వంచొద్దన్నడు. అందుకే గద హ్యాండిల్ మార్చిన. సైకిల్ తొక్కొద్దని ఎవడన్నడు?"

"మార్చినవు. ఇనుముకు నూలు చుట్టి మార్చినవు. అశోక్ చౌక్ అంత నవ్వుతున్నది."

ఎన్నో ఏళ్ల కిందటి తగువు ఇది. తల్లి అంబవ్వ, కొడుకు శ్రీనివాసు. ఇద్దరికీ నడుమ గోడకు ఆనించిన నల్లటి పాత మగవాళ్ల సైకిల్. మోకాలికి పసుపు అద్దుకుని పక్కనే నేను. సైకిల్ మీద నుంచి పడింది ఇద్దరమూ కాబట్టి ఆ తిట్లలో సగం నావే.

మేము మరాఠీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు నేతవాళ్లం. మొన్న కొంతం చౌక్‌లో కూరగాయలు తీసుకుని వస్తుంటే ఒక లేత్ షాపులోంచి కాలిన నూనె, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన ముక్కుకు తగిలింది. సంచి కింద పెట్టి నిలబడిపోయాను. మనవరాలు ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఉన్నది. అంబవ్వ పెద్దమ్మ ఉన్నది. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు మా గల్లీలో నలుగురు కూడా లేరు. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆమె గురించి రాయడానికి ఆ మాత్రం చదువు చాలు. ఆమెకు అదీ లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు పాత పోగులను మొత్తం లాగేయరు. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులోంచి జానెడు కొసలు మిగల్చి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును ఒక్కొక్క పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గానికి చెరో పక్క ఇద్దరు కూర్చుని చేసే పని. అంతా అతికాక మెల్లగా ముందుకు లాగితే పాత పోగులే కొత్తవాటిని వెంటబెట్టుకుని అచ్చు దాటిస్తాయి. అప్పటిదాకా మగ్గం ఆగే ఉంటుంది. ఆగిన మగ్గాన్ని చూస్తే దాని యజమాని సేఠ్‌కు కడుపు మండుతుంది. కబురు అందాక ఎవరు ముందు చేరితే పని వాళ్లది. అందుకే పెద్దమ్మ, భర్త చనిపోయిన ఏడాదే ఆయన సైకిల్ నేర్చుకుంది. చీర గోచీ పోసి కట్టి, నడుమ కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కేది. మొగోని లెక్క ఏందీ తిరుగుడు అని ఒకావిడ మూతి తిప్పితే, మొగోడు పోయిండు గని ఆకలి పోలేదు చెల్లె అన్నదట.

నేను అప్పుడు ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. నా ఈడు ఆడవాళ్లు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో కళ్లు మూసుకుని చుట్టేవాళ్లు. నావి మాత్రం ఏరివేతలోనే సగం పోయేవి. ఒకరోజు పెద్దమ్మ మా గడప దగ్గర ఆగి నా చేట చూసింది. ఆకు వంకర పోతుంది కానీ వేలు బలమైనదే అని తేల్చింది. మర్నాటి నుంచి సైకిల్ వెనక క్యారియర్ మీద నేను. మొదటి వారం నేను అతికిన ప్రతి పోగునూ గుంజి చూసింది. తెగినదాన్ని నా ఒళ్లో వేసేది. తిట్టేది కాదు. తిడితే బాగుండుననిపించేది. ఆఖరికి నేనే అడిగాను, నా మెలిలో తప్పేముందని.

"కొత్త దారం దిక్కే చూస్తున్నవు సత్తెవ్వా. అది మంచిగనే ఉంటది, ఇంక ఏ పని చెయ్యలే గద. పాతదాన్ని చూడు. యాడ నలిగిందో, యాడ పీచు లేసిందో. గట్టిగున్న కాడిదాక తెంపి, ఆడ పట్టుకో."

ఆ తర్వాత నా అతుకులు తెగలేదు. ఈ ఒక్క సంగతిలో నేను గొప్ప చెప్పుకుంటాను.

ఏళ్ల తరబడి మగ్గం మీదికి వంగి వంగి ఆమె మెడ పట్టేసింది. ఆ సైకిల్ హ్యాండిల్ దూరం, పైగా కిందికి ఉంటుంది. అందుకోవాలంటే ముందుకు వాలాలి. వాలితే భుజాల నుంచి వేళ్ల దాకా తిమ్మిరి. తిమ్మిరెక్కిన వేళ్లతో పోగు ఎట్లా పడతారు? ఆడవాళ్ల సైకిల్ కొనిస్తానని శ్రీనివాసు అన్నాడు. బట్టల దుకాణంలో పనిచేసేవాడు, మంచివాడే. ఆమె ఒప్పుకోలేదు. బాగున్నదాన్ని పారేసి ఇంకొకటి కొనడం మా ఇద్దరి రక్తంలోనూ లేదు. భంగారు కొట్లో ఫ్రేము విరిగిన ఒక గేర్ సైకిల్ కనబడింది ఆమెకు. అది ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చినది. దాని హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడ పైకి లేచి, దగ్గరగా ఉంది. కూర్చున్నవాళ్లు నిటారుగా కూర్చోవచ్చు. చిరిగిన చద్దర్లు ఇచ్చి హ్యాండిల్‌తో సహా ఆ మెడను తెచ్చుకుంది. తన పాత హ్యాండిల్‌ను హాక్సా బ్లేడుతో తానే కోసేసింది.

కోశాక తెలిసింది చిక్కు. పాత సైకిల్‌లో హ్యాండిల్ కడ్డీ ముందు గొట్టం లోపలికి దిగుతుంది. కొత్త రకం మెడ అట్లా దిగదు. గొట్టాన్ని బయటి నుంచి పిడికిలి లాగా పట్టుకుంటుంది. మా కడ్డీ సన్నం, దాని పిడికిలి పెద్దది. వదులు. మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో కండె వదులైతే మేము ఏం చేస్తాం? నాలుగు చుట్లు నూలు చుడతాం. పెద్దమ్మ కూడా అదే చేసింది. గంజి పట్టించిన నూలు కడ్డీకి ఒత్తుగా చుట్టి, ఎండబెట్టి, దాని మీద కొత్త మెడ బిగించింది. రాయిలాగా నిలిచింది. కడ్డీ బ్రేకులు విప్పించి తీగ బ్రేకులు వేయించుకుంది. మెడ ఎత్తి, రాణిలాగా సైకిల్ తొక్కింది. వెనక కూర్చుని నేనూ గర్వపడ్డాను.

తర్వాత తొలకరి వచ్చింది. తడిస్తే గంజి ఏమవుతుందో మాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా మాకు తోచలేదు. అశోక్ చౌక్ మలుపులో ఆమె హ్యాండిల్ కుడికి తిప్పింది. హ్యాండిల్ తిరిగింది, చక్రం తిరగలేదు. సైకిల్ నేరుగా పోయి అరటిపండ్ల బండికి గుద్దుకుంది. ఆమె గదుమ చీలింది. పండ్లవాడు మరాఠీలో తిట్టాడు, జనం అన్ని భాషల్లో నవ్వారు. మొదట్లో రాసిన తగువు ఆ సాయంత్రందే.

కొడుకు దుకాణానికి తిరిగి వెళ్లగానే పెద్దమ్మ సైకిల్ తీసింది. తొక్కలేదు, నడిపించుకుంటూ కొంతం చౌక్ పోయాం. అక్కడ తుకారాం అని, పవర్‌లూమ్ సామాను చేసే లేత్ పనివాడు ఉండేవాడు. మరాఠీవాడు, మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగు పట్టుకున్నాడు. తడిసి జారిన నూలును గోటితో గీకి చూశాడు. వాళ్ల భాషలో మావ్‌శీ అంటే పిన్ని.

"మావ్‌శీ, ఇనుముకు నూలు చుడ్తరా?"

"మా ఇంట్ల వదులైతే నూలే, తెగితే నూలే. మాకు ఇంకోటి తెల్వది. నీకు తెలిస్తె చెప్పు."

అరిగిపోయిన మగ్గం షాఫ్టు ముక్క ఒకటి తీసి లేత్ మీద ఎక్కించాడు తుకారాం. కింది సగం సన్నగా, పాత గొట్టం లోపలికి సరిపోయేట్టు. పై సగం లావుగా, కొత్త మెడ పిడికిలికి నిండేట్టు. నడుమ పొడుగు బోల్టు. అడుగున ఏటవాలుగా కోసిన చిన్న ముక్క. బోల్టు బిగిస్తే ఆ ముక్క పైకి వచ్చి పక్కకు జరిగి గొట్టం గోడను లోపలి నుంచి ఒత్తి పట్టుకుంటుంది. బరువు తగ్గాలి, కింది భాగం కొంచెం పొట్టిగా కోయమన్నది పెద్దమ్మ. తుకారాం ఒప్పుకోలేదు. పైన ఎంత కనబడుతుందో దానికన్నా లోపల ఎక్కువ ఉండాలన్నాడు. లేకపోతే గొట్టం చీలుతుంది, ఈసారి గదుమ కాదు తల పగులుతుంది అన్నాడు. ఎవరి మాటా వినని మనిషి, ఆ మాట విన్నది. గురువు దగ్గర నిలబడ్డట్టు చేతులు కట్టుకుని చూసింది. కూలి దగ్గర బేరం కూడా ఆడలేదు. అది నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. పోయేదాకా ఆ హ్యాండిల్ కదలలేదు. ఆమె నేర్పిన పనితోనే నా ముగ్గురు పిల్లలను పెంచాను. ఒకరి ముందు చెయ్యి చాపలేదు. ఇంట్లో ఏదైనా కొత్త వస్తువు కావాలని ఎవరన్నా అడిగితే, ఉన్నదాన్ని ముందు నా చేతికి ఇయ్యండి అంటాను. పిసినారి ముసలిది అంటారు వెనక. అననీయండి. అంబవ్వ పెద్దమ్మ పక్కన కూర్చున్న చెయ్యి ఇది. నేను తప్పు చేస్తే అది బయటపడి, పదిమంది నవ్వినా సరే, నవ్విన చోటికే మళ్లీ పోయి దిద్దుకోవాలన్నది కూడా ఆ సైకిల్ మీదే నేర్చుకున్నాను.

తుకారాం చేసిన ముక్క బిగించుకొచ్చిన మరునాడు పొద్దున భంగారాయన తోపుడుబండితో వచ్చాడు. శ్రీనివాసు సైకిల్ పట్టుకోబోతే పెద్దమ్మ ముందు చక్రానికి ఎదురుగా నిలబడి దాన్ని రెండు మోకాళ్ల నడుమ ఇరికించుకుంది. "తిప్పు బిడ్డా. నీ బలమంత పెట్టి తిప్పు. హ్యాండిల్ జరిగితే నేనే ఎత్తి బండ్ల పెడ్త." అతను తిప్పాడు. మళ్లీ చెప్పులు విడిచి, కాళ్లు తన్నిపెట్టి తిప్పాడు. తల్లి ఇటూ అటూ ఊగింది కానీ హ్యాండిలూ చక్రమూ ఒకదాన్ని ఒకటి వదలలేదు. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. శ్రీనివాసు భంగారాయన వైపు తిరిగి, ఏం లేదు పో అన్నాడు.

ఆమె ఎక్కింది, నేను వెనక కూర్చున్నాను. అతను క్యారియర్ పట్టుకుని అశోక్ చౌక్ దాకా మా పక్కనే పరుగెత్తాడు. పండ్లవాడు బండి వెనక్కి జరుపుకున్నాడు. మలుపులో హ్యాండిల్ తిరిగింది, చక్రం తిరిగింది. శ్రీనివాసు చెయ్యి వదిలి దుకాణానికి పోయాడు. మేము చేరేసరికి షెడ్డులో మొదటి పాళీవాళ్లు ఇంకా రాలేదు. ఒక మగ్గం ఆగి ఉంది. చెరో పక్క కూర్చుని వేళ్లకు బూడిద అద్దుకున్నాం.