మలుపులో పోసిన మామిడికాయలు

మా చిన్నప్పుడు... మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. కాయలు దించాలంటే రెండేసి రోజులు కాచుకోవాలి. మా ట్రాక్టరు నాయనే తోలేవాడు. పక్కన మడ్‌గార్డు మీద నేను.

బండి విషయంలో నాయనకు మహా జాగ్రత్త. "తడి రోడ్డులో బ్రేకు అదిమి తొక్కగూడదు పాపా, ముందే గేరు తగ్గించాల" అనేవాడు. పొద్దు గూకాక ఎదురుగా బండి వస్తే చాలు, లైటు దించేవాడు.

ఒక ఏడు వరసలో ఉండగానే మూడో రోజుకు మా కాయలు కుళ్లాయి. ఫ్యాక్టరీవాళ్లు వద్దన్నారు. తిరిగొస్తూ నాయన మా ఊరి మలుపులో ట్రాలీ ఎత్తి, మొత్తం రోడ్డు వారనే పోసేశాడు.

"ఈడనే మట్టిలో కలిసిపోతాయిలే" అన్నాడు.

ఆ సాయంత్రం వాన పడింది. తెల్లారేసరికి కాయలు రోడ్డు మీదికి దొర్లి, చక్రాల కింద నలిగి, పచ్చటి జిగట బురదైపోయాయి. పులిసిన కంపు, తెల్లటి పురుగులు, ముసురుకున్న ఈగలు.

ఇంటింటికీ పాలు పోసే మునెప్ప మోపెడ్ ఆ బురదలోనే జారింది. కేకలు విని మేం పరిగెత్తేసరికి, పాలూ గుజ్జూ కలిసిన మడుగులో మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా నిండా ఈగలు.

"ఎవుడు పోసినాడో, వాడికి బుద్ధుండాదా?" అని జనం ముక్కులు మూసుకుని తిడుతున్నారు.

నేను నాయన మొహం చూశాను. అన్నీ తెలిసిన మనిషి... నాయనంటే నాకు అసహ్యం వేసింది. ముందు రోజు నోరు మెదపని నన్ను చూసుకుంటే కూడా.

నాయన వెళ్లి మునెప్ప పక్కన ఆ కంపులోనే కూర్చున్నాడు.

"నేనే పోసినాను మునెప్పా. ట్రాలీ ఖాళీ అయితే చాలనుకున్నాను."

"నువ్వు పోస్తావనుకోలేదన్నా" అన్నాడు మునెప్ప, అంతే.

నాయన అతన్ని ఆసుపత్రిలో చేర్పించి వచ్చి, పారతో రోడ్డంతా గీకి మట్టి పరిచాడు. నేనూ చేతులతో ఎత్తాను. వేళ్ల కంపు మూడు రోజులు పోలేదు. మునెప్ప లేచి నడవడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ అతని వాడుక ఇళ్లన్నింటికీ నాయనే పాలు పోశాడు.

మొన్న తుంపరలో, చీకటి పడే వేళ అదే దారిన వచ్చాను. మళ్లీ కుళ్లు కాయలు, పోసినవాడి జాడ లేదు. ఒకావిడ స్కూటరు జారి పడి ఉంది. వెనక కారాయన ఫుల్ లైటు ఆవిడ మొహం మీదే వేసి హారన్ కొడుతున్నాడు. ఇద్దరు ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఛీ అనిపించింది... ఆవిడను నేనే లేపి పక్కకు తెచ్చాను.

మా కాలంలో తప్పులు జరగలేదని అనను. కానీ తప్పు చేసినవాడు నలుగురిలోకి వచ్చి మొహం చూపించేవాడు... అలాంటివాళ్లు ఇప్పుడు నాకు కనబడటం లేదు. మీ దారుల్లో ఎవరైనా తారసపడ్డారా? ఉంటే రాయండి, చదవాలనుంది...