డాక్టరమ్మ పెట్టిన చుక్కలు

మొన్న మంగళవారం కళింగపట్నంలో ఎండుచేపల బుట్టలు ఆటోకెక్కిస్తుంటే శ్రీకాకుళం నుంచి ఫోనొచ్చింది. నా పై పెదవి కుట్టిన డాక్టరమ్మ పోయారట. ఎవరు పోయినా ఏదో ఒక వెటకారం ఆడే నా నోరు సాయంత్రం దాకా పెగల్లేదు. జ్వరమేమోనని మా ఆవిడ నుదురు తాకి చూసింది.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. గ్రహణం వేళ మా అమ్మ చేప కోసిందని ఊరంతా తీర్మానించింది. పిల్లలు పెట్టిన పేరు భరించలేక ఆరో తరగతిలోనే బడి మానేశాను. ఎదుటివాడు నా మూతి మాట ఎత్తేలోపు వాడి లోపం నేనే ఎత్తేయడం అలా అలవాటైంది. మీసం మొలిచాక దాని చాటున నలభై దాటేశాను.

మా బావ బలవంతాన ఆ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. ఆవిడది బొబ్బిలి, మన యాసే. గ్రహణం సంగతి చెబితే, "సందమామకి నీ మూతితో ఏటి పనిరా? మీ అమ్మ తప్పేటీ లేదు," అన్నారు. ఆ ఒక్క మాట వినడానికి మా అమ్మ బతికి లేదు.

ఆపరేషన్ రోజు నా మీసం గీయించి, పెదవి మీద నీలం సిరాతో చుక్కలు పెట్టారు. మత్తుసూది వేశాక పెదవి ఉబ్బి గుర్తులు తప్పుతాయట, అందుకే ముందే. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఎదురుగా గోడకి అద్దం, పక్కన పెన్ను. నా చెయ్యి ఊరుకుంటుందా? ఒక చుక్క ఉమ్మితో చెరిపి, బియ్యపుగింజంత పైకి పెట్టాను. ఆటపట్టిద్దామని కొంత, అందంగా వస్తుందన్న ఆశతో కొంత.

ఆవిడ వచ్చి ఒక్క చూపు చూశారు.

"ఈ సుక్క నాను పెట్టింది కాదు. ఎవులు పెట్టారు?"

"నానే, డాక్టరమ్మా. కూసింత అందంగా ఉంటాదని."

తిట్టి పంపేస్తారనుకున్నాను. మీసమూ పోయి, పెదవీ దక్కక ఇంటికెలా పోను? ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, చిన్న చేతద్దం నాకిచ్చారు. ఎర్రటి పెదవీ పైచర్మమూ కలిసే అంచునీ, ముక్కు కింది గాడికి అటూ ఇటూ ఉండాల్సిన రెండు మిట్టలనీ చూపించారు. ఆ అంచు వెంట్రుకవాసి తప్పినా చూసేవాడి కన్ను అక్కడే ఆగుతుందట. లోపలి కండ నోటి చుట్టూ సంచి బొందులా తిరగాలట. నాది మధ్యలో కలవక, కొసలు రెండూ ముక్కు మొదట్లో అతుక్కుపోయాయట.

"తోలొక్కటే కుడితే బొమ్మ మూతిలాగుంటాది. కండని కలిపితేనే నోరు నీ మాట ఇంటాది."

చుక్కలన్నీ తుడిచేసి, మొదటి నుంచీ కొలిచి మళ్లీ పెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా కూర్చున్నాను. బతుకులో అలా కూర్చోవడం అదే మొదలు.

కుట్లు విప్పిన రోజు, "మీసం అప్పుడే పెంచకు. నా పని నలుగురినీ సూడనీ," అన్నారు.

ఫోనొచ్చిన మర్నాడు ఆవిడని శ్మశానం దాకా సాగనంపాక రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నలుగురం ఆగాం. నాతో పాటు కోటబొమ్మాళి రైతొకడు, కాలేజీ పిల్లొకతె, చంకలో బిడ్డతో ఒక తల్లి. ఒకరికొకరం తెలియదు. అందరి చూపూ ముందు ఎదుటివాళ్ల పై పెదవి మీదికే పోయింది. అందరికీ అక్కడ సన్నటి తెల్లగీత. టీ పొగలు కక్కుతోంది. గ్లాసులు ఎత్తి, మూతులు సున్నాలా చుట్టి, అందరం మెల్లగా ఊదుకున్నాం.